నాలుగో నిమ్మకాయ

వర్జ్యం నాలుగూ పన్నెండుకి పోతుంది. ఇప్పుడు మూడూ పది. ఇంకా గంటా రెండు నిమిషాలు. ధర్మారావు గోడౌను ముందున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, అదే అంకె మళ్ళీ చదువుకుని వచ్చి కూర్చున్నాడు. చేయాల్సిన పనేదీ మిగల్లేదు, అలాగని కూర్చోబుద్ధీ కావడం లేదు. లారీ నిండింది. అడుగున చింతపల్లి పసుపు బస్తాలు, పైన జీడిపప్పు పెట్టెలు, మొత్తం పద్దెనిమిది టన్నుల మూడొందల కేజీలు, కాటా చీటీ ఫైల్లో ఉంది. కళాసీలు రెండు పొరలుగా టార్పాలిన్ కప్పి, మోకులు బిగించి, టీ తాగడానికి పోయారు. నర్సీపట్నం నుంచి గౌహతి పందొమ్మిది వందల యాభై కిలోమీటర్లు. ఇవాళ డిసెంబరు పద్నాలుగు. ఇరవై ఆరు లోపల సరుకు దిగకపోతే ఇంకొకడి దగ్గర కొనుక్కుంటానని అక్కడి సేటు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఈ మొదటి లోడు సవ్యంగా దిగితే ఏడాదికి పన్నెండు లోళ్ళు. అన్నీ అనుకున్న ప్రకారమే ఉన్నాయి. రావాల్సింది డ్రైవరు సింహాద్రి ఒక్కడే. కృష్ణదేవిపేటలో షేర్ ఆటో ఎక్కానని మూడింటికి ఫోన్ చేశాడు.

ఆటో. ఆ మాట దగ్గరే ధర్మారావు మనసు మేకుకి తగులుకున్న చొక్కాలా ఆగిపోతోంది. ఇరవయ్యారేళ్ళుగా సింహాద్రి మోటారు సైకిల్ మీదే వచ్చేవాడు. లారీ ఎక్కేముందు దాన్ని గోడౌన్లో ఓ మూల నిలబెట్టి, గోనెపట్టా కప్పి, ట్రిప్పు నుంచి వచ్చాక ముందు దాన్ని తుడిచి ఆ తర్వాతే తన మొహం కడుక్కునేవాడు. ఆ బండి కనిపించి రెండు నెలలైంది. "పాడైనాది బాబూ" అన్నాడు. ఏం పాడైందని ధర్మారావు అడగలేదు. అడిగితే ఏదో ఒక పార్టు పేరు చెబుతాడు, తను ఆ పార్టు కొనిస్తాడు, అప్పుడు అతను ఇంకో పార్టు పేరు వెతుక్కోవాలి. ఎందుకొచ్చిన గొడవ. ముప్పై ఏళ్ళు పసుపు కొన్నవాడికి బస్తా విప్పకుండానే లోపలి తడి తెలుస్తుంది. సింహాద్రి కళ్ళకి ఏదో కమ్ముతోందని ధర్మారావుకి తెలుసు. తెలిసి రెండు నెలలు కాదు, నాలుగు నెలలు. ఎవరూ చెప్పలేదు. ఫోన్ చెప్పింది.

లారీ టోలు గేటు దాటినప్పుడల్లా అద్దానికి అంటించిన ట్యాగ్ లోంచి డబ్బు తెగుతుంది, తెగిన ప్రతిసారీ ధర్మారావు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, గేటు పేరు, దాటిన టైము. ఒకప్పుడు ఆ చప్పుడుకి భార్య రోజారమణి దుప్పటి ముసుగులోంచే తిట్టేది, మీ లారీ నా పక్కలోనే తిరుగుతోందని. ఆగస్టు నుంచి రాత్రుళ్ళు ఆ చప్పుడు మానేసింది. మొదట హాయిగా నిద్రపోయాడు. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, తోచక, రాయపూర్ ట్రిప్పు మెసేజ్‌లన్నీ వరసగా చూసుకుంటూ పోయాడు. సాయంత్రం ఆరు దాటాక ఒక్క గేటూ లేదు. పొద్దున్న ఆరున్నరకి ముందు ఒక్క గేటూ లేదు. అంతకుముందు విజయవాడ, అదీ అంతే. దానికి ముందు కటక్, అదీ అంతే. పొద్దువాలితే చాలు, లారీ ఎక్కడో ఒక డాబా ముందు ఆగిపోతోంది. "వొయసు గదా బాబూ, నడుం పట్టేస్తంది" అన్నాడు సింహాద్రి. యాభై నాలుగేళ్ళకి నడుం పట్టేస్తుంది, కాదనడు. కానీ నడుం పట్టేసినవాడు మిట్టమధ్యాహ్నం కూడా ఆపుతాడు. చీకటి చూసుకుని పట్టే నడుం నొప్పి ఉండదు. లారీకి జీపీఎస్ పెట్టిస్తానంటే అప్పట్లో నొచ్చుకున్నాడు, నా మీద కాపలా ఎడతారా అని. సరే అని మానేశాడు. పెట్టకపోయినా ఆ ట్యాగ్ ముక్క కూర్చుని మొత్తం చెప్పేసింది.

మూడూ పంతొమ్మిది. ధర్మారావు ఫోన్ తెరిచాడు. ఈ-వే బిల్లు పేజీ అలాగే ఉంది. మొదటి భాగం నింపేశాడు, సరుకు, బరువు, ఇక్కడి చిరునామా, అక్కడి చిరునామా. రెండో భాగంలో లారీ నంబరు కొట్టాలి. అది కొట్టగానే గడియారం మొదలవుతుంది, రెండు వందల కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున పది రోజులు. కొట్టాక లారీ కదలాల్సిందే. పొద్దున్నుంచి నాలుగుసార్లు నంబరు కొట్టి నాలుగుసార్లు చెరిపాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కాగితాలు ఇంకోసారి తిప్పాడు. నేషనల్ పర్మిట్ మార్చి దాకా ఉంది. ఫిట్‌నెస్ జూన్ దాకా. ఇన్సూరెన్స్, పొల్యూషన్, రోడ్డు టాక్సు, సరుకు బిల్లు మూడు కాపీలు. ఎక్కడ ఎవరు ఆపి ఏ కాగితం అడిగినా తీసి చూపించొచ్చు. కాగితాల విషయంలో ధర్మారావు లారీని ఎవరూ వేలెత్తి చూపించింది లేదు, అది అతనికి గొప్ప. అన్నిటికన్నా అడుగున సింహాద్రి లైసెన్సు, దాని వెనక రెన్యువల్‌కి పెట్టిన డాక్టరు సర్టిఫికెట్ జిరాక్సు. వేళ్ళు అక్కడిదాకా వచ్చి ఫైలు మూసేశాయి.

దారి గురించి ఆలోచిద్దామనుకున్నాడు. దారి గురించి ఆలోచిస్తే మనసు కుదుటపడుతుంది, దారికి అంకెలుంటాయి. తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కితే విశాఖ బైపాస్, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం. మొదటి రాత్రి బరంపురం ఇవతల. ఒరిస్సాలో ఖుర్దా దగ్గర ఏనుగులు దాటే చోట బోర్డులుంటాయి, అక్కడ నెమ్మది. బాలాసోర్ దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు లారీ నడక వేగానికి వస్తుంది, వెనకనుంచి ఎక్కి మోకులు కోసేవాళ్ళు ఆ ఎత్తుల దగ్గరే కాపు కాస్తారు, అద్దంలో చూస్తూ ఉండాలి. చూస్తూ ఉండాలి. ఖరగ్‌పూర్, అక్కణ్ణించి పైకి దుర్గాపూర్ మీదుగా ఫరక్కా. బెంగాల్లో పూజలకి వెదురుబొంగు అడ్డంపెట్టి చందా అడుగుతారు, దూరం నుంచే బొంగు కనిపించాలి. ఫరక్కా దాటాక మాల్డా, ఈ నెలలో అక్కడ పొద్దున్న పది దాకా పొగమంచు, ముందు పోయే లారీ ఎర్రదీపాలే దారి. కొన్ని ఊళ్ళలో పగలు పెద్ద బండిని రానివ్వరు, రాత్రే దాటాలి. సిలిగురి అవతల రోడ్డు అడవిలోంచి పోతుంది, మళ్ళీ ఏనుగులు. అస్సాంలో నాలుగున్నరకే చీకటి పడిపోతుందట, ఇక్కడ మనం సాయంత్రం టీ తాగే టైముకి. మంచు తీసేశాక పదికి మొదలుపెట్టి చీకటి పడకముందు ఆపితే రోజుకి ఆరు గంటలు. ఆరు గంటల్లో ఆ రోడ్ల మీద నూట యాభై. ఏనుగుల దగ్గర మొదలైన లెక్క అయినా, మోకుల దగ్గర మొదలైన లెక్క అయినా ఆఖరికి వచ్చి ఆ రెండు కళ్ళ దగ్గరే ఆగుతోంది. తెలిసిన రోడ్డయితే సింహాద్రి కళ్ళు మూసుకుని తోలతాడు, ఆ మాట అందరూ పొగడ్తగా అంటారు, ఈ మధ్య అదే జరుగుతోందేమో. రాయపూర్ రోడ్డు మీద గుంత ఎక్కడుందో అతని కాళ్ళకి తెలుసు. కానీ ఫరక్కా దాటి అతనెప్పుడూ వెళ్ళలేదు. అటువైపు తెలిసిన గుంత ఒక్కటీ లేదు.

అయినా సింహాద్రే పట్టుబట్టాడు. "గౌహతి నేనే ఎల్తాను బాబూ. ఆ బెమ్మపుత్ర నది సూడాల." అప్పుడు నవ్వాడు ధర్మారావు, నదేం పారిపోతుందా అని. ఇప్పుడు, ఈ కుర్చీలో, ఆ మాట వేరేగా వినిపిస్తోంది. నది పారిపోదు.

"ఏటండీ, లారీకి పెళ్ళిచూపులా? పొద్దున్నించి దాని చుట్టూ తిరుగుతున్నారు." రోజారమణి వెనక గుమ్మంలోంచి వచ్చింది, ఒక చేతిలో టీ గ్లాసు, ఒక చేతిలో నిమ్మకాయలు. గోడౌను వెనకే ఇల్లు.

"వర్జ్యం పోవాలి."

"పోతాది లెండి, మీరు తరిమితే పోదు. ఇవిగో, నాలుగు. కూరకని తెచ్చినవాటిలో మంచివి ఏరేను." నిమ్మకాయలు అతని చేతిలో పెట్టి, వెళ్ళబోయి ఆగింది. "మొన్న సంతలో తలుపులమ్మ అగుపించింది. సింహాద్రి పెళ్ళాం."

"ఏమంది?"

"ఏటీ అన్లేదు. ఏటో సెప్పాలని నోటిదాకా తెచ్చుకుని మింగేసింది. ఆఖరికేమో నవ్వుతా, మా ఆయనకి అన్నంలో మిరపకాయ ఏరి నేనే పక్కనెడతన్నానమ్మా అంది. అదేం ముచ్చటే ఈ వయసులో అన్నాను." ఆమె అతని మొహం చూసింది. "ముచ్చట కాదా ఏటి?"

"టీలో పంచదార ఎక్కువైంది" అన్నాడు ధర్మారావు.

"మాట మార్చడం మీకు రాదు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అతను లేచి నిమ్మకాయలు పెట్టడానికి వెళ్ళాడు. డ్రైవరు వచ్చేలోపల యజమాని చేత్తో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, ముందు రెండు, వెనక రెండు. డ్రైవరు వచ్చి చుట్టూ తిరిగి నాలుగూ చూసుకుని ఎక్కాలి. లారీ వాటిని చితక్కొట్టుకుంటూ కదలాలి. నాన్న కాలం నుంచీ అంతే. వెనక కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, ముందుకొచ్చి కుడివైపు ఒకటి. వంగి లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి, బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. బంపరు కుడిమూల కొత్త గీత. గోడౌను గేటు స్తంభానికి తగిలింది, సెప్టెంబరులో. ఇరవయ్యారేళ్ళుగా ఆ గేట్లోంచి వెనక్కి పెట్టేటప్పుడు సింహాద్రికి అద్దం కూడా అక్కర్లేదు, స్తంభానికీ లారీకీ మధ్య వేలు దూరేంత ఖాళీ వదిలి నవ్వేవాడు. సెప్టెంబరులో తగిలినప్పుడు దిగి గీతమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు రాశాడు, రాస్తే పోతుందన్నట్టు. ధర్మారావు గోడౌను లోపలినుంచి చూశాడు, చూసి కూడా బయటికి రాలేదు.

ఎందుకు రాలేదు. ఎందుకు అడగలేదు. సింహాద్రీ, నీ కళ్ళెలా ఉన్నాయి, అంతేగా. నాలుగు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు నోటిదాకా వచ్చింది. తలుపులమ్మ ఒక్కతే మింగిందా. తీరిగ్గా కూర్చుని లెక్క తేల్చుకుంటే కారణం కనబడుతుంది, కనబడితే తన మీద తనకే అసహ్యం వేస్తుంది. అడిగితే అతను బాగానే ఉన్నాయంటాడు. అన్నాక పంపాలి. పంపితే ఏమైనా అయితే, అడిగాను కదా అని తను అనుకోవచ్చు. అడక్కపోతే, నాకేం తెలుసు అనుకోవచ్చు. రెండువైపులా తనకే లాభం వచ్చే బేరం. ఇన్నేళ్ళలో ఎన్నో బేరాలు చేశాడు గాని, ఎదుటివాడి కళ్ళు పెట్టి ఎప్పుడూ చేయలేదు. ఆ రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళు కూడా ఉంటారు, ఆటోల్లో, సైకిళ్ళ మీద, వాళ్ళకి ఈ బేరంలో మాట లేదు.

మూడూ ముప్పై ఎనిమిది. ఎదురుగా రోడ్డు మీద అబీద్ సెంటర్ వైపు నుంచి ఒక షేర్ ఆటో వచ్చి, ఆగి, ఇద్దరు ఆడవాళ్ళని దింపి వెళ్ళిపోయింది. అతను కాదు. చేతిలో ఇంకా ఏదో ఉందనిపించి చూసుకుంటే నాలుగో నిమ్మకాయ. బొటనవేలి గోరు తొక్కలో దిగిపోయి ఉంది. ముందు ఎడమ చక్రం కింద పెట్టాల్సింది. పెడదామని వంగబోయి ఆగాడు.

లంబసింగి ఘాటీ. ఎప్పుడు పొగమంచు మాట తలచుకున్నా అక్కడికే. ఇరవై ఒక్క ఏళ్ళయింది. అప్పుడు తనకి ముప్పై ఏడు, కొత్తగా హెవీ లైసెన్సు వచ్చింది, చింతపల్లి నుంచి పసుపు లోడుతో దిగుతూ, నేను తోలతాను నువ్వు పక్కకి జరగరా అన్నాడు. సింహాద్రి ఎడమ సీట్లోకి జరిగాడు. తెల్లవారు జాము, పాలలో ముంచినట్టు మంచు, రాత్రంతా లోడింగ్ దగ్గర నిలబడ్డ కళ్ళు. ఎప్పుడు మూతలు పడ్డాయో తెలీదు. తెలిసింది ఒక్కటే, ఎడమనుంచి ఒక చెయ్యి వచ్చి స్టీరింగు మీద పడడం, లారీ కొండవైపు విరుచుకుపోయి రాతికి కొట్టుకోవడం. కళ్ళు తెరిస్తే కుడివైపు చక్రం అవతల మంచే గాని నేల లేదు. రేడియేటరు నీళ్ళు రోడ్డు మీద కారుతున్న చప్పుడు. ఇంటికొచ్చాక నాన్న గుమ్మంలోనే నిలబడి ఎవడు తోలాడని అరిచాడు. తను నోరు తెరిచేలోపలే సింహాద్రి అన్నాడు, "నేనే బాబూ. మంచులో రాయి అగుపడనేదు." కళ్ళు నెత్తిమీదున్నాయా వెధవా అని నాన్న అందరి ముందూ తిట్టాడు. ఆ నెల దారిఖర్చుల బత్తా కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ధర్మారావు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు, ఆ హెవీ లైసెన్సు కూడా రెన్యువల్ చేయించుకోలేదు, ఆ సంగతి ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు కళ్ళు నిక్షేపంలా ఉన్నవాడు అగుపడలేదని చెప్పాడు. ఇప్పుడు అగుపడనివాడు బాగానే ఉందంటున్నాడు. రెండుసార్లూ అబద్ధమే. మొదటిది తన కోసం. రెండోది, అదీ తన కోసమేనేమో, సేటు మాట, పన్నెండు లోళ్ళు, ఇవన్నీ అతనికీ తెలుసు.

నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో చొక్కా జేబు బరువెక్కాక గానీ తెలియలేదు. సింహాద్రి వస్తాడు, చుట్టూ తిరుగుతాడు, చూసుకుంటాడు. ఎడమవైపు ఏదీ అంటే, కనబడినట్టు. అప్పుడు నవ్వి, మర్చిపోయానోయ్ అని తీసి పెట్టేస్తాడు. అనకపోతే. అనకపోతే తెలిసిపోతుంది, ఇక తెలీదనుకోవడానికి చోటుండదు. ఇరవయ్యారేళ్ళ మనిషిని కోడిపందెం కోడిలా తిప్పి చూడడం. సిగ్గుగా ఉంది. సిగ్గుగా ఉన్నా జేబులోంచి తీయలేదు.

కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. ఈసారి వేళ్ళు ఆగలేదు. డాక్టరు సర్టిఫికెట్. కిందటేడు లైసెన్సు రెన్యువల్‌కి కావాలన్నారు. సింహాద్రి అప్పుడు నాగపూర్లో ఉన్నాడు, తిరిగొచ్చేదాకా ఆగితే ఇంకో లోడు పోతుంది. కాగితం తీసుకుని ధర్మారావే వెళ్ళాడు, తెలిసిన డాక్టరు. "మనిషి ఏడీ?" అన్నాడాయన. లైన్లో, లారీ మీద ఉన్నాడండీ అన్నాడు. "కళ్ళు అవీ బాగానే ఉన్నాయా?" బాగానే ఉన్నాయండీ, డేగ కళ్ళు. ఆయన సంతకం పెట్టేశాడు. దూరపు చూపు సరిగా ఉన్నది. రంగులు గుర్తించగలడు. రాత్రి చూపునకు లోపము లేదు. మూడు గీతలు, మూడు టిక్కులు, కింద ముద్ర. అప్పటికే మొదలైందో లేదో. ఆ రోజు మనిషిని తీసుకెళ్ళి ఉంటే, ఆ అక్షరాల చార్టు ముందు నిలబెట్టి ఉంటే, అప్పుడే దొరికేది, అప్పుడే మందో మాకో. రెండు రోజులు మిగిల్చాడు తను. రెండు రోజులు. లారీ కాగితాలు ఎంత సక్రమంగా ఉన్నాయో చెప్పుకునే మనిషి ఫైల్లో, అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఒక్కటే అబద్ధం, అది కూడా తన నోటితో చెప్పిందే.

మూడూ యాభై. ఫోన్ తీసి మత్స్యలింగానికి చేశాడు. యలమంచిలి లారీ స్టాండులో ఉంటాడు, చేపల లారీలు తోలి గౌహతి అయిదారుసార్లు చూసినవాడు.

"ఖాళీగా ఉన్నావా?"

"ఖాళీయే బాబూ. ఏటి కబురు?"

"ఏం లేదు. ఊరికే."

"గౌహతి లోడు సింహాద్రి మాఁవ ఎల్తన్నాడంట గదా. స్టాండంతా సెప్పేడు. అందరికీ ఇస్కూలు పిల్లల్లాగా ఆ నది గురించి సెప్తన్నాడు, సముద్రం లాగుంటాదంట, అవతల ఒడ్డు అగుపడదంట. మీకెవులికీ అగుపడంది నాకెందుకు అగుపడతాదిరా అని నవ్వేడు. మాకేటీ అర్థం అవనేదు."

ధర్మారావు ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు ఆపితే స్టాండంతా తెలుస్తుంది. బయల్దేరేముందు దింపేసిన డ్రైవర్ని ఆ స్టాండులో ఎవరూ ఏమీ అనరు, టీ కూడా పోయిస్తారు, కానీ ఆ మర్నాటి నుంచి అతనికి లోడు మాట చెప్పరు. అది చాలు మనిషిని మూల కూర్చోబెట్టడానికి. అదీ లెక్కలోకి తీసుకోవాలి. తీసుకున్నాడు. ఒకవైపు అది, సేటు, ఇరవై ఆరో తేదీ. ఇంకోవైపు మాల్డా మంచులో ఎర్రదీపాలు. ఏ వైపు మొగ్గిందో చూడకుండా లేచి నిలబడ్డాడు, ఎందుకంటే షేర్ ఆటో ఆగింది, లోపలినుంచి ముందు ఒక సంచి, తర్వాత కాలు, ఆ కాలు నేలని రెండుసార్లు తడిమి ఆనడం, తర్వాత సింహాద్రి.

ఉతికిన ఖాకీ చొక్కా, తలకి నూనె, నుదుట సింధూరం. రోడ్డు దాటేముందు ఆగి ఒకవైపు చెవి పెట్టి, తర్వాత రెండోవైపు చెవి పెట్టి దాటాడు. ఇంతకాలం ఇది ఎలా కనబడలేదు. కనబడింది.

"వొచ్చీసేను బాబూ. వర్జ్యం పోనాదా?"

"ఇంకో పది నిమిషాలు. భోంచేశావా?"

"తిన్నాను. తలుపులమ్మ పులిహోర కట్టింది, రెండ్రోజులొస్తాది." సంచి క్యాబిన్ మెట్టు మీద పెట్టాడు. "నిమ్మకాయలెట్టీసేరా?"

"పెట్టాను. చూసుకో."

సింహాద్రి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ధర్మారావు వెనకే నడిచాడు. వెనక కుడిచక్రం దగ్గర సింహాద్రి వంగి టైరు మీద చెయ్యి వేశాడు, చెయ్యి టైరు మీంచి కిందికి జారి నిమ్మకాయని తాకి పైకి వచ్చింది. చూసేవాళ్ళకి టైరు గాలి చూసుకుంటున్నట్టే ఉంటుంది. వెనక ఎడమ. మళ్ళీ అలాగే. మోకుని లాగి చూశాడు, టార్పాలిన్ మడత మీద వేలు నడిపాడు, "బాగా కట్టేరు ఈపాలి" అన్నాడు. ముందు ఎడమ చక్రం. వంగాడు. చెయ్యి కిందికి జారింది. అక్కడ కాసేపు ఉండిపోయింది. లేచి, ఏమీ అనకుండా, ముందు నుంచి చుట్టి కుడిచక్రం దగ్గరికి వెళ్ళి, అక్కడా వంగి, నిమ్మకాయని తాకి, లేచి లారీకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మూడే ఉన్నాయి బాబూ" అన్నాడు.

ధర్మారావు ఊపిరి వదిలాడు. కనబడింది. కనబడుతోంది, తనే లేనిపోని అనుమానం, టోలు మెసేజ్‌లు, నడుం నొప్పే అయ్యుంటుంది, మిరపకాయ ముచ్చటే అయ్యుంటుంది, చెయ్యి జేబులోకి పోతోంది, నోట్లో మర్చిపోయానోయ్ అన్న మాట తయారుగా ఉంది.

"సూసి సెప్పనేదు" అన్నాడు సింహాద్రి. "సేత్తో తడిమేను. నాలుగోది మీ జేబులో ఉన్నాది. ఇందాకటి నుంచి వాసనొస్తంది."

ధర్మారావు నిమ్మకాయ తీశాడు, గోరు గుచ్చిన చోట రసం కారి జేబు తడిసిపోయి ఉంది.

"ఎన్నాళ్ళైంది?"

"మీకు తెలిసి ఎన్నాళ్ళైందో అన్నాళ్ళైంది బాబూ. మీరడుగుతారేమో అని నేను, నేను సెప్తానేమో అని మీరు." సింహాద్రి అరచెయ్యి చాపాడు. నిమ్మకాయ అందుకుని వంగి, తడుముకుంటూ ముందు ఎడమ చక్రం కింద పెట్టి, కుదురుగా ఉందో లేదో వేలితో కదిపి చూశాడు. "పగలు కాస్త నయంగానే ఉంటాది. సందేళైతే దీపాల సుట్టూ పీసుమిఠాయి సుట్టినట్టు అయిపోతంది. ఉన్న సూపు ఉండగా ఆ నది ఒక్కటీ సూసీద్దారనుకున్నాను. తప్పే. లోడుతో ఎల్లకూడదు." జేబులోంచి లారీ తాళంచెవి తీసి ధర్మారావు చేతిలో పెట్టాడు.

తాళంచెవి వెచ్చగా ఉంది. ధర్మారావుకి లంబసింగి మాట ఇప్పుడు అనాలేమో అనిపించింది, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అతనికి వచ్చింది ఒక్కటే, ఉన్నదాంతో పని జరిపించడం. ఫోన్ తీశాడు.

"మత్స్యలింగం. గౌహతి. బేగి బయల్దేరు, ఏడింటికల్లా ఇక్కడుండాలి. ఇద్దరు వెళతారు. సింహాద్రి ఎడమ సీట్లో."

సింహాద్రి తల ఎత్తాడు. "ఎడం సీటా?"

"నీ చూపు ఏమైందో ముందు కళ్ళ డాక్టరు చూడాలి. అయిదింటికి ఆస్పత్రి తీస్తాడు. ఆయన వెళ్ళొద్దంటే వద్దు, ఇక్కడే ఉండి వైద్యం చేయించుకో. వెళ్ళొచ్చంటే వెళ్ళు. నది ఎడమ కిటికీలోంచి కూడా కనబడుతుంది."

"స్టాండులో..."

"పూర్వం ఈ పర్మిట్‌కి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని రూలుండేది. ఆ రూలు తీసేశారు, నేను తీయలేదు. అడిగినవాళ్ళకి అదే చెప్పు." కాస్త ఆగి, ఫైలు తెరిచి, అడుగునున్న సర్టిఫికెట్ జిరాక్సు తీసి, నాలుగు మడతలు పెట్టి, నిమ్మరసంతో తడిసిన జేబులో పెట్టుకున్నాడు. డాక్టరుకి ఇది కూడా చూపించాలి. అబద్ధం ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. పర్మిట్ దగ్గర్నుంచి కాటా చీటీ దాకా మిగతా కాగితాలన్నీ అలాగే ఉన్నాయి, ఫైలు కొంచెం పల్చబడింది, అంతే. లైసెన్సు మాత్రం తీసి సింహాద్రికి ఇచ్చేశాడు. సింహాద్రి దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

గోడౌను పక్కన నిలబెట్టిన స్కూటర్ని ధర్మారావు రోడ్డు మీదికి తెచ్చాడు. లారీ నాలుగు నిమ్మకాయల మీద అలాగే నిలబడి ఉంది. గోడ గడియారం నాలుగూ పదిహేను చూపిస్తోంది. వర్జ్యం పోయి మూడు నిమిషాలైంది, ఎవరూ గమనించలేదు.

"ఎక్కు" అన్నాడు.

సింహాద్రి వెనక సీటు మీద చెయ్యి వేసి ఆగాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో ధర్మారావు తోలే బండి అతను ఎక్కలేదు. ఎక్కి కూర్చుని, ఒక చెయ్యి యజమాని భుజం మీద వేశాడు. స్టీరింగు మీద పడ్డ చెయ్యి అదే.

"బాబూ" అన్నాడు చెవి దగ్గర. "మద్దిలో కునుకు తియ్యరు గదా."